పాత బియ్యం.. కొత్త కోచ్

సూర్యాపేటలో ఒకడు, కోదాడలో ఒకడు, మిర్యాలగూడలో ఒకడు. ముగ్గురికీ కలిపి ఒక ఫుట్‌బాల్ క్లబ్బు. ఆరేళ్లపాటు అందులోకి వచ్చిన ప్రతి కొత్త మనిషి మీదా మేం తీర్పు చెప్పాం. చాలావరకు తప్పే చెప్పాం.

2020 ఆగస్టు 31. కరోనా రోజులు. సూర్యాపేటలో మా డాబా మీద నేను, కోదాడలో మా మేనత్త కొడుకు, మిర్యాలగూడలో రైస్ మిల్లు గుమస్తాగా చేస్తున్న మా క్లాస్‌మేటు. ముగ్గురం ఒకే కాల్‌లో ఉన్నాం. హైదరాబాద్ ఎఫ్‌సీ కొత్త కోచ్ పేరు బయటపెట్టింది. మాన్యుయెల్ మార్క్వెజ్ రోకా. అందరూ పిలిచే పేరు మనోలో.

“ఎవల్రా ఈయన?” అన్నాడు బావ. అప్పటికే నేను వెతికేశాను. స్పెయిన్‌లో లాస్ పాల్మాస్ అనే క్లబ్బుకు 2017లో కోచ్ అయ్యాడు. ఆరు లీగ్ మ్యాచ్‌లు కాగానే రాజీనామా. తర్వాత క్రొయేషియాలో కొన్నాళ్లు, థాయ్‌లాండ్‌లో కొన్నాళ్లు. “ఆరు మ్యాచ్‌లేనా? మా బడిల డ్రిల్ సార్ ఇంకా ఎక్కువ రోజులుండె గద బావా” అన్నాడు. వాడు ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాడు. మిల్లు దోస్తుకు ప్రపంచమంతా బియ్యంలోనే కనిపిస్తుంది. “బాస్మతి బోర్డు వెట్టి నూకలు తూకమేసినట్టుంది మామా” అని ఫోన్ పెట్టేశాడు.

వాడి బాధకు కారణం ఉంది. ఆ సీజన్‌కు రావలసిన కోచ్ ఆల్బర్ట్ రోకా. బార్సిలోనాలో ఫ్రాంక్ రైకార్డ్‌కు సహాయకుడిగా చేసినవాడు, బెంగళూరు ఎఫ్‌సీని 2016లో ఏఎఫ్‌సీ కప్ ఫైనల్ దాకా తీసుకెళ్లినవాడు. ఒప్పందం అయింది, మేం ఇక్కడ పండగ చేసుకున్నాం. తీరా ఆగస్టులో బార్సిలోనా నుంచి పిలుపొస్తే ఫిట్‌నెస్ కోచ్‌గా వెళ్లిపోయాడు. ఆ ఖాళీలోకి వచ్చినవాడు ఈ ‘ఆరు మ్యాచ్‌ల’ మనోలో.

గోల్‌పోస్టు కంటే వాలీబాల్ నెట్టు, దానికంటే కబడ్డీ కోర్టు ఎక్కువ కనిపించే ప్రాంతం మాది. ఇక్కడ ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్లు ఒకరికొకరు చుట్టాలకంటే ఎక్కువ. హైవే మీద విజయవాడ బస్సులు ఆగే హోటల్‌లో టీవీ చానల్ మార్చమంటే, కౌంటర్ దగ్గరాయన మమ్మల్ని జాలిగా చూస్తాడు. అలాంటివాళ్లకు సొంత రాజధాని పేరుతో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో జట్టు దొరికితే ఊరుకుంటామా? కోచ్‌ల నుంచి నాలుగో గోల్‌కీపర్ దాకా ఎవరినీ వదల్లేదు.

క్లబ్బు పుట్టింది 2019 ఆగస్టులో. పుణె జట్టు మూతపడితే ఆ స్థానంలో వచ్చింది. మొదటి కోచ్ ఫిల్ బ్రౌన్. ఆ పేరు వినగానే ఎగిరి గంతేశాం. ఇంగ్లండ్‌లో హల్ సిటీని 2008లో ప్రీమియర్ లీగ్‌లోకి చేర్చిన మనిషి, ఇంకేం కావాలి? అక్టోబరు 25న కోల్‌కతాలో తొలి మ్యాచ్, ఏటీకే చేతిలో 0-5. నవంబరు 2న గచ్చిబౌలిలో కేరళ బ్లాస్టర్స్‌పై 2-1తో గెలుపు. మళ్లీ గెలుపు ముఖం చూసింది 2020 ఫిబ్రవరి 20న, సీజన్ ఆఖరి మ్యాచ్‌లో. బ్రౌన్‌ను జనవరిలోనే సాగనంపారు. 18 మ్యాచ్‌లు, 10 పాయింట్లు, పట్టికలో అట్టడుగు.

గమ్మత్తేమిటంటే, బ్రౌన్ విషయంలో మేం తప్పు లెక్క వేశామని మాలో ఎవరూ ఇప్పటికీ ఒప్పుకోరు. పొగడ్త బెడిసికొడితే ‘పాపం, కాలం కలిసిరాలేదు’ అంటాం. తిట్టు బెడిసికొడితేనే నాలుక కరుచుకుంటాం. అభిమాని ఖాతాలో రెండూ ఒకే పద్దు కింద పడవు.

మనోలో మొదటి సీజన్ మొత్తం గోవాలో, ఖాళీ స్టేడియాల్లో జరిగింది. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, మహమ్మద్ యాసిర్, లిస్టన్ కొలాసో లాంటి కుర్రాళ్లను ఆయన రోజూ ఆడించాడు. “ఈ పోరగాళ్లతోని ఏం గెలుస్తం” అన్నాం. వరసగా 12 మ్యాచ్‌లు ఓడకుండా ఆడారు. 29 పాయింట్లతో ఐదో స్థానం. చివరి రోజు గోవాను ఓడిస్తే సెమీస్, కానీ 0-0 అయింది. సెమీస్ చేజారిన బాధకంటే మాకు ఇబ్బంది ఎక్కువ. ఇప్పుడు ఆయన్ని ఏమనాలి?

ఏమీ అనలేక మరో మనిషిని పట్టుకున్నాం.

ముప్పై ఏడేళ్ల కుర్రాడు

2021లో కొలాసోను ఏటీకే మోహన్ బగాన్‌కు ఇచ్చేశారు. అంతకుముందు సీజన్‌లో 10 గోల్స్ కొట్టిన స్పెయిన్ స్ట్రైకర్ అరిదానె సంటానాను వదిలేశారు. ఆయన చోట ఎవరిని తెచ్చారంటే, ముంబై సిటీ నుంచి బార్తొలొమ్యూ ఒగ్బెచేని. నైజీరియా మనిషి. 2002 ప్రపంచకప్ ఆడాడు. అదే మాకు గుచ్చుకుంది. మేం బడికి పోయే రోజుల్లో ప్రపంచకప్ ఆడినవాడు ఇప్పుడొచ్చి మాకేం గోల్ కొడతాడు? పుట్టింది 1984 అక్టోబరు 1న. సీజన్ మొదలయ్యేసరికి 37 నిండాయి.

“ముసలోన్ని తెచ్చిర్రు” అని నేను, “పింఛన్ పథకం” అని బావ. మిల్లు దోస్తు ఒక్కడే ఎదురు తిరిగాడు. వాడి మాట వాడి పని దగ్గర విన్నాను కాబట్టి ఆ పని గురించి చెప్పాలి.

మిర్యాలగూడలో వడ్ల లారీ మిల్లు గేటులోకి రాగానే దోస్తు పైకెక్కుతాడు. బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి గుప్పెడు గింజలు లాగుతాడు. అరచేతుల మధ్య వేసి నలిపి, ఉఫ్ అని ఊదుతాడు. పొట్టు ఎగిరిపోయాక మిగిలిన గింజను వెలుతురులో పెట్టి చూస్తాడు, ఒకటి నోట్లో వేసుకుని కొరుకుతాడు. ‘టక్’ మంటే ఆరినట్టు, మెత్తగా అణిగితే పచ్చి. ఆ తర్వాతే తేమ మిషన్. సర్కారు కొనుగోలుకు 17 శాతం దాటొద్దు. రైతు పదిహేడంటాడు, మిషన్ పంతొమ్మిదంటుంది, అక్కడ మొదలవుతుంది పంచాయితీ. ఆ రోజు లారీ దిగుతూ నాతో అన్నాడు: “కొత్త బియ్యం అన్నం ముద్దయితది మామా. పాత బియ్యానికే ధర. ఆయన పాత బియ్యం, సూస్తుండు.”

ఒగ్బెచే ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టాడు. లీగ్‌లో అందరికంటే ఎక్కువ. అంతకుముందు నార్త్‌ఈస్ట్‌కు 12, కేరళకు 15, ముంబైకి 8. అంటే మా దగ్గరికి వచ్చేనాటికే మూడు సీజన్లలో 35 గోల్స్ కళ్లముందున్నాయి. మేం ఆ అంకె చూడలేదు, పుట్టిన తేదీ చూశాం. దోస్తు కూడా ఈ లెక్క చూసి చెప్పినవాడేం కాదు, బియ్యం సామెతతో గెలిచాడు. అయినా గెలిచినవాడు గెలిచినట్టే. అప్పటినుంచి వాడితో వేగడం కష్టంగా ఉంది.

ఇంజినీరింగ్ చదువుతూ కోదాడ హాస్టల్‌లో ఉండే మా అన్న కొడుకుది ఇంకో బాధ. వాడిది మాంచెస్టర్ యునైటెడ్. 2022లో ఆంటొనీని 8 కోట్ల పౌండ్లకు పైగా పోసి కొన్నారని హాస్టల్‌లో అందరికీ బిర్యానీ తినిపించాడు. 2024లో స్కాట్ మెక్‌టామినేను నపోలీకి అమ్మితే పీడ పోయిందన్నాడు. ఏడాది తిరక్కముందే మెక్‌టామినే ఇటలీలో టైటిల్ గెలిచి, ఆ లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. మాంచెస్టర్‌లో తేలిపోయిన ఆంటొనీ స్పెయిన్‌కు అరువు వెళ్లి, బెటిస్‌ను యూరప్ కాన్ఫరెన్స్ లీగ్ ఫైనల్‌కు చేర్చినవాళ్లలో ఒకడయ్యాడు. “బాబాయ్, మనవాళ్లు మన దగ్గరే ఎందుకు ఆడరు?” అని అడిగాడు. మనిషి మారలేదు, చోటు మారిందిరా అన్నాను. నాకు అది తెలియడానికి ముప్పై అయిదేళ్లు పట్టింది.

ఈ జబ్బు ఒక్క ఊరిది కాదు. 1996లో జపాన్ నుంచి ఆర్సెన్ వెంగర్‌ను ఆర్సెనల్ తెచ్చుకుంటే లండన్ పత్రిక ‘ఆర్సెన్ ఎవరు?’ అని అచ్చేసింది. రెండేళ్లలో లీగ్, కప్ రెండూ ఇచ్చాడు. 2015లో లెస్టర్ సిటీ క్లాడియో రనియేరిని తెచ్చుకుంది. అంతకు కొన్ని నెలల ముందే ఆయన కోచ్‌గా ఉన్న గ్రీస్ జట్టు ఫారో దీవుల చేతిలో ఓడింది. లెస్టర్ గెలుపు మీద పందెం 5,000కు 1. 2016 మేలో ట్రోఫీ ఎత్తింది లెస్టరే. క్రికెట్‌లో అయితే మా సూర్యాపేట టీ బండి దగ్గర ప్యాట్ కమిన్స్‌ను ఎంత తిట్టారో లెక్క లేదు. 2023 డిసెంబరు వేలంలో సన్‌రైజర్స్ ఆయనకు 20.50 కోట్లు పెట్టినరోజు, ఆ డబ్బులు తమ జేబులోంచి పోయినట్టే మాట్లాడారు. 2024 సీజన్‌లో జట్టు ఫైనల్‌కు వెళ్లాక అదే బండి దగ్గర ‘కెప్టెన్ అంటే వాడురా’ అన్నారు. సినిమాకు ఇంటర్వెల్‌లోనే టాక్ చెప్పేసే జనం మనం. కొత్త కోచ్‌కు టైటిల్స్ పడకముందే చెప్పేస్తాం.

అదే గోల్‌పోస్టు

మా తప్పుల్లో అన్నిటికంటే పెద్దది లక్ష్మీకాంత్ కట్టిమణి. గోవా కుర్రాడు. కుర్రాడంటే అప్పటికే ముప్పై దాటినవాడు. 2019లో ఎఫ్‌సీ గోవా నుంచి హైదరాబాద్ వచ్చాడు. ఆ పేరు వింటే నాకు ఒక్క రాత్రే గుర్తొచ్చేది. 2015 డిసెంబరు 20, గోవాలోని ఫటోర్డా స్టేడియం, ఐఎస్ఎల్ ఫైనల్. సొంత జనం ముందు గోవా 2-1 ఆధిక్యంలో ఉంది. 90వ నిమిషంలో బంతిని బయటికి కొట్టబోయి కట్టిమణి తన గోల్‌లోకే పంపాడు. ఇంకో రెండు నిమిషాలకు మెండోజా గోల్ కొట్టాడు, చెన్నయిన్ ఎఫ్‌సీ 3-2తో కప్పు పట్టుకుపోయింది. అలాంటివాణ్ని తెచ్చి మా గోల్‌ముందు నిలబెడతారా? నాలుగు సీజన్ల కిందటి ఒక్క క్షణంతో మనిషికి పూర్తి చరిత్ర రాసేశాం.

2022 మార్చి 20, ఆదివారం. మళ్లీ ఫటోర్డా. మళ్లీ ఫైనల్. హైదరాబాద్, కేరళ బ్లాస్టర్స్. ముగ్గురం మిర్యాలగూడలో మిల్లు ఆఫీసు గదిలో చేరాం. యాసంగి వడ్లు ఇంకా దిగలేదు, మిల్లు నిద్రపోతోంది. టీవీలో స్టేడియమంతా పసుపు. మా జట్టు రంగే! కానీ ఆ జనం మాది కాదు. కేరళ రంగూ పసుపే. ఆ రోజు మాకు పసుపు జెర్సీ పడింది, వాళ్లు నల్లవి వేసుకున్నారు. వాళ్ల అభిమానులు మాత్రం పసుపులోనే వచ్చారు. పసుపు జనం నలుపు జట్టు కోసం అరుస్తుంటే మా పసుపు జట్టు ఒంటరిగా ఆడింది.

68వ నిమిషంలో రాహుల్ కేపీ దూరం నుంచి కొట్టాడు. కట్టిమణి చెయ్యి తగిలింది, కానీ ఆగలేదు. “నే చెప్పలే?” అన్నాడు బావ. నేనూ అదే అన్నాను. 88వ నిమిషంలో బెంచీ మీంచి వచ్చిన సాహిల్ తవోరా గాల్లో బంతిని అలాగే అందుకుని కొట్టాడు. 1-1. అదనపు సమయం అయింది. పెనాల్టీలు.

మనిషి ఒంటరిగా గీత మీద నిలబడితే, వాడి పాత తప్పులన్నీ వాడి వెనక నెట్టులో నిలబడినట్టుంటుంది. లెస్కోవిచ్ కొట్టాడు, ఆపాడు. నిషు కుమార్ కొట్టాడు, ఆపాడు. గీత ముందే దాటాడని రిఫరీ మళ్లీ కొట్టమన్నాడు. మిల్లు గదిలో ఎవరం ఊపిరి తీసుకోలేదు. నిషు మళ్లీ కొట్టాడు. కట్టిమణి మళ్లీ ఆపాడు. మధ్యలో మావాడు సివేరియో ఒకటి పారేశాడు. జీక్సన్ సింగ్ కొట్టిందీ ఆపాడు. ఆఖర్న హలిచరణ్ నార్జరీ గోల్ కొట్టాడు. 3-1. హైదరాబాద్ ఛాంపియన్.

టీవీలో వాళ్లంతా పరుగులు తీస్తుంటే బావ మాత్రం కుర్చీలోనే కూర్చున్నాడు. “ఇంతకాలం ఆ మనిషిని ఎంత తిట్టిన బావా” అన్నాడు. దోస్తు బయటికెళ్లి చాయ్ పోయించుకొచ్చాడు. ఆ రాత్రి వాడు బియ్యం సామెత ఒక్కటి కూడా చెప్పలేదు.

రహీం సాబ్ లెక్క

కట్టిమణి దగ్గర ఆగితే హైదరాబాద్ ఫుట్‌బాల్ కథ సగమే. ఈ రాష్ట్రంలో కోచ్ అనే మాటకు అర్థం చెప్పినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. బడి పంతులు. ఆయన తీర్చిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టుకూ ఆయనే కోచ్. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తయిన జట్టును 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానానికి తెచ్చాడు.

1962 జకార్తా ఆసియా క్రీడలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ వణుకొస్తుంది. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2. తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం ఆయన్ని కూర్చోబెట్టలేదు. సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు! తలకు కట్టుతో ఉన్న డిఫెండర్‌ను ముందుకు తోసిన కోచ్‌ను ఈ కాలంలో అయితే మేం ఏమనేవాళ్లమో రాయడానికి ఈ పత్రిక ఒప్పుకోదు. జర్నైల్ సెమీఫైనల్‌లో గోల్ కొట్టాడు, ఫైనల్‌లోనూ కొట్టాడు. జ్వరంతో పడుకుని లేచిన హైదరాబాదీ గోల్‌కీపర్ తంగరాజ్‌ను ఫైనల్‌కు దింపాడు. అదే కొరియాపై 2-1. బంగారం. మరుసటి ఏడాది జూన్ 11న రహీం క్యాన్సర్‌తో కన్నుమూశాడు. 2024లో ‘మైదాన్’ సినిమా వచ్చేదాకా మా ఊళ్లో ఆయన పేరు తెలిసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

చూడని చోటు

2023లో మనోలో గోవాకు వెళ్లిపోయాడు, ఒగ్బెచే వెళ్లిపోయాడు. 2023-24 సీజన్ తంగ్బోయ్ సింగ్టో చేతిలో పడింది. 22 మ్యాచ్‌లు, ఒక్క గెలుపు, 8 పాయింట్లు. ప్రతి ఓటమికీ సింగ్టోనే తిట్టాం. మార్పులు చెయ్యడం రాదన్నాం, దమ్ము లేదన్నాం. అసలు సంగతి వేరే. జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను తీసుకోవడానికి వీల్లేకుండా నిషేధం. ఆ జనవరికల్లా విదేశీ ఆటగాళ్లు దాదాపు అందరూ సర్దుకున్నారు. ఆయన చేతిలో మిగిలింది పిల్లలు. ఇల్లు కాలుతుంటే వంటవాణ్ని పట్టుకుని పులుసులో ఉప్పు ఎక్కువైందన్నాం మేం.

ఒగ్బెచే వయసు నెలలతో సహా చెప్పగలిగిన ముగ్గురం, క్లబ్బులో జీతాలు ఏ తారీఖున పడుతున్నాయో ఒక్కనాడూ ఆలోచించలేదు. దోస్తు మాత్రం ఒకసారి అన్నాడు, “మిల్లు మునిగేముందు హమాలీలకే మొదలు తెలుస్తది మామా.”

మనోలోను మళ్లీ ఒకసారి చూశాం. 2024 జులైలో ఆయన భారత జట్టు కోచ్ అయ్యాడు. ఈసారి మాకు ఒక్క అనుమానం లేదు. ‘ఇక దేశానికే మంచిరోజులు’ అన్నాం. తొలి టోర్నీ గచ్చిబౌలిలోనే. సెప్టెంబరు 3న మారిషస్‌తో మ్యాచ్‌కు ముగ్గురం వెళ్లాలనుకున్నాం. 1వ తేదీ ఆదివారం వాన కోదాడను ముంచింది. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువ తెగింది, హైవే మీద బస్సులు ఆగిపోయాయి. బావ ఇంట్లో బీరువా దాకా నీళ్లు. మ్యాచ్ ఎవరికి గుర్తుంటుంది? అది 0-0 అయిందని తర్వాత తెలిసింది. 9న సిరియాతో మ్యాచ్‌కు నేను, దోస్తు వెళ్లాం. 0-3. మనోలో చేతులు కట్టుకుని గీత పక్కన నిలబడ్డాడు. ఛాంపియన్లను చేసినప్పుడూ అలాగే నిలబడేవాడు.

ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒకే గెలుపు, మాల్దీవులపై. 2025 జులైలో తప్పుకున్నాడు. అదే ఏడాది మేలో అదే మనిషి ఎఫ్‌సీ గోవాకు సూపర్ కప్ గెలిచిపెట్టాడు. తెలియనప్పుడు చెడ్డవాడన్నాం, తెలిశాక దేవుడన్నాం. రెండుసార్లూ సున్నా మార్కులే.

ఇక క్లబ్బు. యాజమాన్యం చేతులు మారింది. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయింది, పేరు మార్చుకుంది. గచ్చిబౌలిలో ఇప్పుడు మాకు తిట్టడానికి ఎవరూ లేరు.

మొన్న వానాకాలం వడ్లు దిగుతున్నప్పుడు మిర్యాలగూడ వెళ్లాను. దోస్తు లారీ మీద ఉన్నాడు. ఒంటి మీద 2019లో ముగ్గురం కలిసి కొన్న పసుపు జెర్సీ. వెనక ఎవరి పేరూ లేదు. ఎవడుంటాడో ఎవడు పోతాడో అని అప్పుడు వేయించుకోలేదు. ఊక దుమ్ము పట్టి, ఏది జెర్సీ రంగో ఏది వడ్ల రంగో తెలియడం లేదు. కింద బస్తా మోస్తున్న కుర్ర హమాలీ తలెత్తి అడిగాడు.

“అన్నా, గీ టీం ఏడిది?”

“మనదే” అన్నాడు దోస్తు. అరచేతిలో గింజలు నలిపాడు, ఊదాడు. పొట్టు ఎగిరిపోయాక, గింజను చూస్తూనే మళ్లీ అన్నాడు.

“మనదే ఉండె.”